వెనక సీట్లో కూర్చునేది ఎవరు?

చీరల కొట్లో పక్కన నిలబడి "నీ ఇష్టం" అనే మగవాళ్ళు కారు కొనేటప్పుడు మాత్రం మన ఇష్టం అడగరు. అడిగినా రంగు దగ్గరే అడుగుతారు. ఇంజనూ గేర్లూ వాళ్ళ వాటా, సీటు కవర్లూ డాష్‌బోర్డు మీద బుల్లి వినాయకుడూ మన వాటా. ఇల్లు తర్వాత మధ్యతరగతి ఇంటికి పట్టే అతి పెద్ద ఖర్చు ఇదే. ఆ ఖర్చు ఏడేళ్ళపాటు పాలు, కూరగాయలు, ఫీజుల డబ్బుల్లోంచే పోతుంది. ఆ లెక్క చూసుకునేది మనమే అయినప్పుడు ఈ పంపకం నాకెందుకో నచ్చదు.

గత మూడు నెలలుగా మా ఇంట్లో, మా తోటికోడలి ఇంట్లో, మా పిన్ని కొడుకు ఇంట్లో ఒకేసారి కారు గొడవ నడుస్తోంది. మూడిళ్ళవీ మూడు బడ్జెట్లు. ముగ్గురికీ కావలసింది మాత్రం డిక్కీ ఉన్న కారే, అంటే సెడాన్. అందువల్ల ఇష్టం ఉన్నా లేకపోయినా ఈ కార్ల పేర్లూ లెక్కలూ నాకు నోటికొచ్చేశాయి. తెలిసింది రాసి పెడితే మీలో ఎవరికైనా పనికొస్తుందని ఈ పోస్టు.

"ఈ రోజుల్లో సెడాన్ ఎవరు కొంటున్నారు వదినా? అందరూ ఎత్తు బళ్ళే" అన్నాడు మా మరిది. నిజమే, రోడ్డు మీద చూస్తే అన్నీ అవే. ఎత్తుగా ఉంటే హుందాగా ఉంటుందనో, గతుకుల్లో అడుగు తగలదనో కొంటారు. తప్పు లేదు. కానీ ఊరెళ్ళి వచ్చేటప్పుడు నా సామాను సంగతి ఎవరూ చెప్పరు. బియ్యం బస్తా, కొబ్బరికాయలు, ఆవకాయ జాడీ, పెళ్ళికెళ్తే పెట్టెలు. అంత ఎత్తున్న బ్రెజాకి డిక్కీ 328 లీటర్లు. దానికంటే పొట్టిగా కనిపించే డిజైర్‌కి 382, ఆరాకి 402, కొత్త అమేజ్‌కి 416, టిగోర్‌కి 419. పైగా సెడాన్‌లో డిక్కీ వేరే గది. ఆవకాయ నూనె వాసన వెనక సీట్లో వాళ్ళ ముక్కుకి కొట్టదు. గట్టి బ్రేకు వేస్తే పెట్టె వచ్చి మెడ మీద పడదు.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి ఎత్తు కారే సుఖమని చాలామంది అంటారు. అది మనిషి ఎత్తును బట్టి ఉంటుంది. మా నాన్నగారు ఆరడుగుల మనిషి, ఆయన సెడాన్‌లో కూర్చోవాలంటే ముందు నడుము, తర్వాత మోకాళ్ళు, ఆ తర్వాత తల, మూడు విడతలుగా దింపుకోవాలి. ఆయనకి ఎత్తు బండే నయం. మా అత్తయ్యది నాలుగడుగుల పది అంగుళాలు. ఎత్తు కారైతే ఆవిడ ఎక్కాలి. సెడాన్ అయితే ముందు సీటు మీద కూర్చుని, తర్వాత కాళ్ళు రెండూ కలిపి లోపలికి తిప్పుకుంటే చాలు. (సీటు మీద నున్నటి ప్లాస్టిక్ కవరు ఒకటి పరిచి దాని మీద కూర్చోబెట్టండి. ఇట్టే తిరుగుతారు. తిరిగాక కవరు లాగేయాలి, లేకపోతే బ్రేకు వేసినప్పుడు జారతారు. ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది, లక్ష రూపాయల సలహా.) అందుకని షోరూముకి పెద్దవాళ్ళని తీసుకెళ్ళకుండా కారు ఎంచకూడదని నా మాట. ఫొటోలు చూపించి ఇంట్లోనే "బాగుందా అమ్మా" అని అడిగితే వాళ్ళు బాగుందనే అంటారు. మోకాలి సంగతి మోకాలు చెప్పాలి.

ఇప్పుడు ధరల సంగతి. ఈ చిన్న సెడాన్లన్నీ నాలుగు మీటర్ల లోపే ఎందుకు ఆగిపోయాయో తెలిస్తే ధరలు వాటంతట అవే అర్థమవుతాయి. 2006 బడ్జెట్లో చిన్న కార్లకి ఎక్సైజు సుంకం తగ్గించారు. చిన్న కారు అంటే పొడవు నాలుగు మీటర్లు మించకూడదు, పెట్రోలు ఇంజను 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ మించకూడదు. దాంతో కంపెనీలు డిక్కీలకి కత్తెర వేశాయి. 2008లో టాటా ఇండిగో సీఎస్ అలా వచ్చింది. మొదట్లో పొడవుగా ఉన్న స్విఫ్ట్ డిజైర్ 2012లో తోక తగ్గించుకుంది. ఇప్పటి డిజైర్, ఆరా, అమేజ్ మూడూ 3995 మిల్లీమీటర్లే. గీతకి అయిదు మిల్లీమీటర్ల ఇవతల, రేషన్ బియ్యం తూచినంత కచ్చితంగా!

ఆ గీత ఇప్పుడు ఇంకా లోతుగా పడింది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్లకి జీఎస్టీ 18 శాతం అయింది, అంతకు ముందు సెస్సుతో కలిపి 29 ఉండేది. నాలుగు మీటర్లు దాటిన సిటీ, వెర్నా వంటివి 45 నుంచి 40కి దిగాయి. రెండూ తగ్గాయి కానీ మధ్య దూరం 16 నుంచి 22 శాతానికి పెరిగింది. అంటే పెద్ద సెడాన్‌కి మనం కట్టే అదనపు డబ్బులో మంచి వాటా కారుకి కాదు, పన్నుకి పోతోంది. పెద్ద కారు వద్దని కాదు, తెలిసి కట్టమంటున్నాను.

మా ఇంటి లెక్క కాస్త విడమరిచి చెప్తాను, ఎందుకంటే నేను కారు గురించి ఆలోచించడం మొదలుపెట్టిందే దానివల్ల.

మా అత్తయ్యకి డయాలసిస్ వారానికి రెండుసార్లు. మంగళవారం, శుక్రవారం. విజయవాడలో సత్యనారాయణపురం నుంచి ఆసుపత్రికి పెద్ద దూరం కాదు. వెళ్ళేటప్పుడు ఆటోలో కబుర్లు చెబుతూనే వస్తారు. వచ్చేటప్పుడే కష్టం. నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకుని లేచాక బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి, కడుపులో తిప్పుతుంది. ఆ సమయంలో ఆటో కుదుపులు, ఎండాకాలం వడగాలి. క్యాబ్ బుక్ చేస్తే వీల్ చైర్ చూసి కొందరు మొహం చిట్లిస్తారు, కొందరు దగ్గర దాకా వచ్చి రద్దు చేసుకుంటారు. మావారు వారానికి రెండు పూటలు సెలవు పెట్టలేరు. ఆయనకి నాలుగేళ్ళలో రిటైర్మెంటు. మా అమ్మాయి వచ్చే ఏడాది ఇంజనీరింగులో చేరుతుంది. కాబట్టి నడపాల్సింది నేనే. 48 ఏళ్ళకి డ్రైవింగ్ స్కూల్లో చేరి, పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళ మధ్య కూర్చుని లైసెన్స్ తెచ్చుకున్నాను. ఇంట్లో ఎవరికీ పెద్ద వింతగా అనిపించలేదు గానీ, షోరూములో మాత్రం సేల్స్ అబ్బాయి ప్రతి జవాబూ మావారి వైపు చూసే చెప్పాడు. ప్రశ్నలు నావి, జవాబులు ఆయనకి.

మాకు కావలసినవి కాగితం మీద రాసుకుంటే మూడే తేలాయి. మడిచిన వీల్ చైర్ డిక్కీలో పట్టాలి. నేను భయం లేకుండా నడపగలగాలి. నెల వాయిదా పదమూడు వేలు దాటకూడదు. తెరలు, పాటలు, ఫోన్‌తో ఏసీ వేసుకోవడాలు అన్నీ ఆ తర్వాత.

వీల్ చైర్ విషయంలో లీటర్లని నమ్మకండి. లీటరు నీళ్ళకి కొలత, కుర్చీకి కాదు. డిక్కీ లోపల ఎంత ఉన్నా నోరు ఇరుగ్గా ఉంటే కుర్చీ దూరదు. గడప ఎత్తుగా ఉంటే పదిహేను కిలోల కుర్చీని ఛాతీ దాకా ఎత్తాలి. మేం మా కుర్చీని ఆటోలో వేసుకుని షోరూములకి వెళ్ళాం. మావారికి కాస్త నామోషీగా అనిపించింది కానీ నేను వినలేదు. ఎక్కడైనా సరే నా చేత్తో నేనే ఎత్తి పెట్టి చూశాను, ఎందుకంటే మంగళవారం నా పక్కన సాయానికి ఎవరూ ఉండరు.

సీఎన్‌జీ అక్కడే పోయింది. పెట్రోలు మా దగ్గర లీటరు 110 రూపాయల దరిదాపుల్లో ఉన్నప్పుడు గ్యాసు బండి ఎవరికి చేదు? కంపెనీ లెక్క ప్రకారం డిజైర్ సీఎన్‌జీ కిలోకి 33 కిలోమీటర్ల పైనే ఇస్తుంది. కానీ డిక్కీలో పెద్ద సిలిండరు పడుకుని ఉంటుంది. మిగిలిన చోట రెండు సంచులు, ఒక కూరల బుట్ట. టిగోర్‌లో మాత్రం ఒక పెద్ద సిలిండరు బదులు రెండు చిన్నవి పెట్టి నేల కింద సర్దారు. స్టెప్నీని బండి కిందకి మార్చారు. ఆలోచన చాలా బాగుంది. మన వంటింటి అలమరా సర్దిన ఆడమనిషెవరో ఆ కంపెనీలో ఉండి ఉండాలి. నెలకి పదిహేను వందల కిలోమీటర్లు తిరిగే ఇంటికి, బడ్జెట్ బిగుతుగా ఉంటే, నేను టిగోర్ సీఎన్‌జీ చూడమనే చెప్తాను. గేర్లు తానే మార్చుకునే సీఎన్‌జీ కూడా అందులో వచ్చింది. మేం చూసినప్పుడు దాంట్లో ఎయిర్‌బ్యాగులు మాత్రం రెండే ఉన్నాయి. డిజైర్, ఆరా, కొత్త అమేజ్‌లలో కింది వేరియంట్ నుంచే ఆరున్నాయి. మా తిరుగుడు నెలకి అయిదువందల కిలోమీటర్లు, గ్యాసు మీద మిగిలేది తక్కువ. మాకది కుదరలేదు.

ఆటోమేటిక్ గురించి కూడా తెలుసుకోవాలి. "ఆటోమేటిక్" అని ఒకే మాట చెప్పి అమ్మేస్తారు గానీ అందులో రకాలున్నాయి. డిజైర్, ఆరా, టిగోర్‌లలో ఉన్నది ఏఎంటీ. లోపల మామూలు గేరుబాక్సే ఉంటుంది, క్లచ్ తొక్కడం, గేరు మార్చడం మన బదులు ఒక చిన్న యంత్రం చేస్తుంది. ధర తక్కువ, మైలేజీ బాగా వస్తుంది. గేరు మారేటప్పుడు మాత్రం బండి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి వదిలినట్టు ఉంటుంది. అలవాటైతే తెలియదంటారు. అమేజ్‌లో ఉన్నది సీవీటీ. అందులో గేరు మెట్లు ఉండవు, రెండు కప్పీల మధ్య బెల్టు జారుతూ వేగాన్ని సర్దుతుంది. బావిలో చేద నింపాదిగా పైకి వచ్చినట్టు వస్తుంది. గట్టిగా తొక్కితే ఇంజను మూలుగుతుందని కుర్రాళ్ళు దాన్ని తిడతారు. నేను గట్టిగా తొక్కను.

ఇక్కడే మా ఇంట్లో వాదన వచ్చింది. మావారి ఓటు డిజైర్ ఏఎంటీకి. ఆయన వాదన బలంగానే ఉంది. కంపెనీ చెప్పే మైలేజీ దానికి 25.71, అమేజ్ సీవీటీకి 19.46. సర్వీసుకి ఏ చిన్న ఊరెళ్ళినా మనిషి దొరుకుతాడు. కొత్త డిజైర్ 2024లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల భద్రతకి అయిదు నక్షత్రాలు తెచ్చుకుంది, తర్వాత మన దేశపు భారత్ ఎన్‌క్యాప్‌లోనూ అయిదే. మారుతి అంటే రేకు డబ్బా అని నవ్వేవాళ్ళ నోళ్ళు అప్పుడే మూతపడ్డాయి. మీ ఇంట్లో డయాలసిస్ గొడవ లేకపోతే, ఎనిమిది తొమ్మిది లక్షల ఆన్‌రోడ్‌లో నలుగురి కుటుంబానికి డిజైర్ మధ్య వేరియంట్ కంటే తెలివైన కొనుగోలు నాకు కనపడలేదు. ఆరా కూడా అంతే నెమ్మదస్తురాలు. నాలుగు సిలిండర్ల ఇంజను, చప్పుడు తక్కువ. ధర ఇంకాస్త కింద మొదలవుతుంది. దాన్ని ఎవరూ పెద్దగా పొగడరు, తిట్టరు, ఇంట్లో రెండో అమ్మాయిలాగ.

అయినా నేను సీవీటీ వైపే నిలబడ్డాను. డయాలసిస్ అయ్యాక తల తిరుగుతున్న మనిషి వెనక సీట్లో కళ్ళు మూసుకుని ఉంటుంది. సిగ్నలు సిగ్నలుకీ ఆగి కదిలే రోడ్డు మీద, గేరు మారిన ప్రతిసారీ ఆవిడ తల ముందుకొకసారి వెనక్కొకసారి ఊగడం నాకిష్టం లేదు. రెండు కార్లలోనూ ఆవిడని వెనక కూర్చోబెట్టి ఒకే దారిలో తిప్పాం. దిగాక "ఏది బాగుంది అత్తయ్యా?" అంటే "రెండూ బాగున్నాయమ్మాయ్" అన్నారు. కానీ మొదటిదాంట్లో ముందు సీటు వీపు పట్టుకుని కూర్చున్నారు, రెండోదాంట్లో చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. నేను అద్దంలో చూశాను.

ఈ సుఖం ఊరికే రాదు. ఊళ్ళో డిజైర్ 18 ఇస్తే అమేజ్ సీవీటీ 14 ఇస్తుందనుకుందాం. అయిదువందల కిలోమీటర్లకి 28 లీటర్లు, 36 లీటర్లు. ఎనిమిది లీటర్ల తేడా అంటే నెలకి దాదాపు తొమ్మిది వందల రూపాయలు. నేను ఆ తొమ్మిది వందలూ ఇంటి ఖర్చుల్లో ఒక పద్దుగా రాసుకున్నాను, "అత్తయ్య సుఖం" అని. మావారు చూసి నవ్వి ఊరుకున్నారు. అది ఒప్పుకున్నట్టే.

వేరియంటు దగ్గర ఇంకో సంగతి ఉంది, ఇది అందరికీ పనికొస్తుంది. మా రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్ అయిదు నుంచి పది లక్షల కారుకి 14 శాతం, పది దాటితే 17 శాతం. ఆ 17 శాతం పైన ఉన్న కాస్తకి కాదు, మొత్తం ధర మీద. 9 లక్షల 90 వేల కారుకి ట్యాక్స్ 1,38,600. 10 లక్షల 10 వేల కారుకి 1,71,700. కారు ధరలో తేడా ఇరవై వేలు, ట్యాక్సులో తేడా 33 వేలు! పైగా పది లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్ కూడా కట్టించుకుంటారు, అది రిటర్ను వేస్తే తిరిగి వస్తుంది గానీ అప్పటికి జేబులోంచి పోయినట్టే. "ఇంకో ఇరవై వేలే కదా మేడమ్, సన్‌రూఫ్ వస్తుంది" అన్నప్పుడు ఈ లెక్క గుర్తు పెట్టుకోండి. మేం పది లోపే ఆగే మధ్య వేరియంటు చూసుకున్నాం. ఇన్సూరెన్స్ షోరూములోనే తీసుకోవాలని ఏ చట్టమూ లేదు, బయట రెండు చోట్ల అడిగి ఆ కాగితాలు బల్ల మీద పెడితే వాళ్ళే తగ్గిస్తారు. హ్యాండ్లింగ్ ఛార్జీలని ఒక గీత కనపడితే అదేమిటో వివరం అడగండి. ఒక చోట నేను అడిగితే ఆ గీత మాయమైపోయింది.

అప్పు విషయంలో ఎనిమిది లక్షలకి తొమ్మిది శాతం వడ్డీతో ఏడేళ్ళయితే నెలకి 12,900 లోపు పడుతుంది. అయిదేళ్ళయితే 16,600 పైన. ఏడేళ్ళలో వడ్డీ దాదాపు 2 లక్షల 81 వేలు, అయిదేళ్ళలో 1 లక్ష 96 వేలు. అయిదేళ్ళే లాభమని ఎవరైనా చెప్తారు. మాకు అమ్మాయి ఫీజులున్న నాలుగేళ్ళూ నెలకి ఆ 3,700 తేడా మోయలేని బరువు, అందుకని ఏడేళ్ళకే వెళ్ళాం. చేతిలో డబ్బు ఆడినప్పుడు ముందే కట్టేస్తే ఏమైనా జరిమానా ఉందా అని బ్యాంకులో రాతపూర్వకంగా అడిగాం.

ఇక మా పిన్ని కొడుకు సంగతి. తెనాలి దగ్గర ఊరు. చేతిలో ఉన్నది నాలుగు లక్షలు, అప్పు చేయనంటాడు. "అక్కా, నాలుగు లక్షలకి కొత్త సెడాన్ రాదు కదా, చిన్న కారేదైనా తీసుకోనా?" అని అడిగాడు. వాళ్ళింట్లో ఆరుగురు, నెలకోసారి అందరూ కలిసి అమ్మమ్మ గారింటికి. నేను సెకండ్ హ్యాండ్ చూడమన్నాను. అక్కడ ఒక తమాషా ఉంది. పన్ను ఎప్పుడో వేరేవాళ్ళు కట్టేశారు కాబట్టి పాత కార్ల సంతలో ఆ నాలుగు మీటర్ల గీతకి విలువ లేదు. టొయోటా ఎటియోస్ 2020లోనే ఆగిపోయింది. డిక్కీ 590 లీటర్ల దాకా ఉంటుంది, ఇప్పటి ఖరీదైన సెడాన్లలో చాలావాటికి కూడా అంత లేదు. లోపల హంగులేం లేవు. నడుస్తూనే ఉంటుంది, ట్యాక్సీవాళ్ళని అడగండి. మారుతి సియాజ్ కూడా అంతే, 510 లీటర్ల డిక్కీ, వెనక కాళ్ళు చాపుకునేంత చోటు.

అయితే ట్యాక్సీవాళ్ళు మెచ్చిన బండి అంటే ట్యాక్సీగా తిరిగిన బండి కూడా దొరుకుతుంది. పసుపు నంబరు ప్లేటు తీసి తెల్లది వేయించి అమ్మేవి ఉంటాయి. ఆర్సీలో చరిత్ర చూడాలి. మీటరు మీద నలభై వేలు ఉండి, స్టీరింగు అరిగి నున్నగా మెరుస్తుంటే, క్లచ్ పెడలు రబ్బరు పోయి ఉంటే ఆ మీటరు మాట నమ్మనక్కర్లేదు. స్టెప్నీ ఎత్తి దాని కింద చూడాలి. వరద నీళ్ళలో మునిగిన బండి అయితే అక్కడ మట్టి, తుప్పు ఉంటాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ అంతా మునిగిన రోజులు మా ఊరివాళ్ళెవరూ మర్చిపోలేదు. ఆ కార్లు ఎక్కడికీ పోలేదు, తుడుచుకుని ఎక్కడో ఒక చోట అమ్మకానికి నిలబడే ఉంటాయి. సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగి చివర మరక ఉందేమో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. అప్పు మీద కొన్న కారైతే బ్యాంకు పేరు ఆర్సీలోంచి తీయించాకే మిగతా డబ్బు ఇవ్వాలి. చలానాలు ఉన్నాయేమో చూసుకోవాలి. నాలుగు లక్షలుంటే మూడుంపావుకి కారు చూసి, మిగిలింది టైర్లకీ బ్యాటరీకీ సర్వీసుకీ ఉంచుకోమని చెప్పాను. వాడు మా ఊరి మెకానిక్‌ని వెంటబెట్టుకుని తిరుగుతున్నాడు. ఆ మెకానిక్‌కి రోజు కూలీ ఇవ్వడం నాకు అన్నిటికంటే నచ్చిన ఖర్చు.

పై బడ్జెట్ మా తోటికోడలు వాళ్ళది. హైదరాబాదులో ఇద్దరూ ఉద్యోగాలు, ఒక్కడే కొడుకు. పదిహేను, పదహారు లక్షల ఆన్‌రోడ్ అనుకుంటున్నారు. హోండా సిటీ, హ్యుందాయ్ వెర్నా, ఫోక్స్‌వ్యాగన్ వర్చువస్, స్కోడా స్లావియా. నాలుగున్నర మీటర్ల కార్లు, 500 నుంచి 528 లీటర్ల డిక్కీలు. వెర్నా, వర్చువస్, స్లావియా మూడూ గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో పెద్దలకీ పిల్లలకీ అయిదేసి నక్షత్రాలు తెచ్చుకున్నాయి. హైవే మీద వీటికీ చిన్న సెడాన్లకీ తేడా ఉంది. వంద దాటాక చిన్నవి గాలితో మాట్లాడతాయి, ఇవి మనల్ని మాట్లాడుకోనిస్తాయి. నెలకి రెండుసార్లు హైదరాబాదు నుంచి విజయవాడ వచ్చేవాళ్ళకి ఆ తేడా విలువైనదే. ఊళ్ళో ఆఫీసుకి వెళ్ళొచ్చే కారుకి అంత పెట్టడం నాకు అనవసరం అనిపిస్తుంది. పదమూడు లక్షల కారుకి లైఫ్ ట్యాక్సే రెండు లక్షలు దాటుతుంది. మా పిన్ని కొడుకు బడ్జెట్లో సగం కంటే ఎక్కువ!

మా మరిదికి వర్చువస్ మీద మనసుంది. ఇంజను వెయ్యి సీసీ లోపు, 999. దానివల్ల మూడేళ్ళ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ 6,521 రూపాయలే. దానికంటే ధర తక్కువైన మా 1200 సీసీ బళ్ళకి 10,640. సర్కారువారి లెక్కలు ఇలాగే ఉంటాయి. చిన్న ఇంజనైనా టర్బో ఉంది, ఉరుకుతుంది. కానీ వెనక నేల మధ్యలో గట్టులాగా ఎత్తుంది, మూడో మనిషి కాళ్ళు అటొకటి ఇటొకటి పెట్టుకోవాలి. మా తోటికోడలు ఆ మాట అంటే "మనం ముగ్గురమే కదా, వెనక ఎవరు కూర్చుంటారు?" అన్నాడట. ఎవరంటే, వాళ్ళ అమ్మానాన్నలు ఊరు నుంచి వచ్చినప్పుడు ఆ అమ్మాయే. ఇటు ఆవిడ, అటు ఆయన, మధ్యలో ఈ అమ్మాయి. హైదరాబాదు నుంచి తిరుపతి దాకా. ఆ అమ్మాయికి సిటీ నచ్చింది. ఇంజను గురించి ఒక్క ముక్క అడగలేదు, వెనక మధ్య సీట్లో పది నిమిషాలు ఊరికే కూర్చుని చూసిందట. సేల్స్ వాళ్ళకి ఆ పది నిమిషాలూ ఏం చేయాలో తోచలేదు పాపం.

మా కారు వచ్చే నెల మొదటి వారంలో ఇస్తామన్నారు. వాళ్ళింట్లో ఇంకా తేలలేదు. ఈ ఆదివారం రెండు కార్లూ మళ్ళీ నడిపి చూస్తారట. ఈసారి నువ్వు నడుపు, మా మరిదిని వెనక మధ్యలో కూర్చోబెట్టు అని చెప్పాను.